కౌసల్య ఈడు గొర్రె

గోపమ్మ ఏడవలేదు. ఊళ్లో ఆమె గురించి ఎవరిని కదిలించినా మొదట చెప్పే మాట ఇదే. రెండేళ్లు నిండని ఆడపిల్ల తట్టు పోసి చచ్చిపోతే, కన్నతల్లి అయ్యుండి కంట తడి పెట్టలేదట! ఆ ముక్క చెప్పి, బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఏం గుండెనో ఏమో తల్లీ" అని ఒక నిట్టూర్పు కూడా విడిచేవాళ్లు. పరాయి కడుపుకోత గురించి మాట్లాడుకోవడానికి ఊళ్లో ఎప్పుడూ తీరిక ఉంటుంది మరి.

అబద్ధమైతే కాదు. ఏడవలేదు. ఏడుద్దామనే ఒకసారి కొట్టం వెనక కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. లేచి దొడ్డి ఊడ్వడానికి పోయింది.

గోపమ్మది కురుమ ఇల్లు. నకిరేకల్ అవతల పుట్టి, తిరుమలగిరి దగ్గరి ఈ ఊరికి పెద్దులు పెళ్లాంగా వచ్చింది. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, మందలు తోలుకుని గుట్టల్లోకి పోవడానికి జనానికి మళ్లీ ధైర్యం వచ్చిన రోజులవి. అత్తగారింటికి సాగనంపేటప్పుడు తండ్రి ఆమెకు అరణం కింద రెండు ఆడగొర్రెలిచ్చాడు. ఇచ్చి, వాటి ఎడమ చెవి కొసన చిన్న గాటు పెట్టాడు. ఆ గాటున్న గొర్రె, దాని కడుపున పుట్టిన ప్రతి ఆడపిల్లా గోపమ్మవి. మేసేది మొగుడి మందలోనే, కాసేది మొగుడి కుక్కే. కానీ అమ్మాలంటే మాత్రం గోపమ్మ తన చేత్తో పలుపు తీసి కొనేవాడి చేతిలో పెట్టాలి. ఇంటి ఆడమనిషి చేతి మీదుగా పలుపు రాని అరణం గొర్రెను ఏ కటికాయనా ముట్టుకునేవాడు కాదు. ముట్టుకుంటే తన కత్తికి మంచిది కాదని వాళ్ల భయం.

వచ్చిన కొత్తలో ఈ గోపమ్మ నోరు ఆగేదా! గొర్రెతో మాట్లాడేది, కుక్కతో మాట్లాడేది, పొయ్యి మీద జొన్న గట్క కుతకుతలాడుతుంటే దాంతోనూ మాట్లాడేది. పెద్దులు ఉలుకూ పలుకూ లేని మనిషి. అతనికి కూడా కలిపి తనే మాట్లాడేది. "ఏం పిల్లను తెచ్చినవురా, చెవులు తినేస్తాంది" అని పెదమామ ఐలేశం నవ్వేవాడు. ఐలేశం పెద్దులు తండ్రికి అన్న. తండ్రి లేని పెద్దులుకు ఆయనే తండ్రి, ఊళ్లోని కురుమల మందలన్నిటికీ ఆయనే పెద్ద.

పెళ్లయిన నాలుగైదేళ్లకు ఊళ్లో కొత్త బావి తవ్వారు. అప్పటిదాకా మనుషులకైనా, మందలకైనా వాగు నీళ్లే. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో చెలిమలు తోడుకోవాలి, అవీ ఎండితే మందలు కృష్ణ ఒడ్డుకు వలస పోవాలి. అందుకని గుట్ట కింద రాతి నేలలో తూటాలు పెట్టి పేల్చి, ఊరు ఊరంతా చెమటోడ్చి తవ్వుకున్న బావి అది. ఎండాకాలం నడిమధ్యన కూడా మోకాటి లోతు తగ్గని నీళ్లు! తేటగా, చల్లగా ఉండేవి. బావి పక్కనే మందల కోసం పొడవాటి రాతి తొట్టి కట్టారు. ఇక వలస లేదు, వాగు దాకా నడిచే పని లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూసి కుళ్లుకున్నారు.

ఆ బావి నీళ్లు ఒక ఏడాది తాగాక గోపమ్మకు కౌసల్య పుట్టింది. మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు, తొలకరి చినుకులు పడుతుండగా, తెల్లవారే వేళకు పురుడొచ్చింది. అదే పొద్దున దొడ్లో పెద్దబొల్లి కూడా ఈనింది. పెద్దబొల్లి అంటే అరణం గొర్రె బిడ్డ, నుదుట తెల్లటి మచ్చ ఉన్నది. దాని పిల్లకూ అచ్చం అదే మచ్చ. పెద్దులు లోపలికీ బయటికీ తిరగలేక ఆయాసపడిపోయాడు. మంత్రసాని పుల్లమ్మ, "నీకు ఒక్క నాడే ఇద్దరు బిడ్డలయ్యా, ఇద్దరికీ పాలు నేనే పట్టియ్యాల్నా?" అని ఎగతాళి చేసింది. ఆ గొర్రెపిల్లను చిన్నబొల్లి అన్నారు. కౌసల్య పాకే రోజుల్లో దాని చెవులు పట్టుకునే నిలబడింది.

తరువాతి కథ ఊరందరికీ తెలిసిందే. తట్టు పోసింది, కౌసల్య పోయింది. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పెద్దులు ఎత్తలేదు, గోపమ్మ ఎత్తలేదు, వచ్చిపోయేవాళ్లు ఎత్తబోయి నాలుక కరుచుకున్నారు. గోపమ్మ నోరు మూతపడిపోయింది. తినమంటే తినేది, లెమ్మంటే లేచేది. ఏది అడిగినా "మీ ఇష్టం" అనేది. బాధగా ఉందా అంటే అదీ లేదు. చాలాసేపు మడుచుకుని కూర్చున్న కాలులా మనిషంతా మొద్దుబారిపోయింది. గిచ్చినా తెలిసేది కాదు.

ఒక్కటి మాత్రం తెలిసేది. పొద్దున మంద దొడ్డి దాటేటప్పుడు చిన్నబొల్లిని చూసేది. అది పెరిగింది చూసి, కౌసల్య ఉంటే ఇంత అయ్యేది అనుకునేది. అది మొదటి రెండు పండ్లు వేసినప్పుడు, కౌసల్య ఇప్పుడు గడప తనంతట తాను దాటేది అనుకుంది. అది ఈనినప్పుడు, కౌసల్య ఇప్పుడు నా కొంగు పట్టుకుని ప్రశ్నలు వేసేది అనుకుంది. చచ్చిపోయిన బిడ్డకు ఈడు పెరగదు కదా. గోపమ్మ బిడ్డకు పెరిగేది, ఆ గొర్రె మీద. అది మందలో ఉన్నంతకాలం కౌసల్యకు ఎన్నేళ్లో తల్లికి తెలుస్తుంది. అది పోతే ఆ లెక్క తెగిపోతుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి పట్టిందంటారని భయం.

ఇక నోళ్లు చూసే రోజు సంగతి చెప్పాలి. ఏటా శివరాత్రి పోయాక, ఎండలు ముదరకముందు, కురుమలందరూ మందలను గుట్ట కింద ఒక్కచోట ఆపేవాళ్లు. గొర్రెకు ముందు పండ్లు కింద దవడకే ఉంటాయి. ఈడు పెరిగేకొద్దీ జంట జంటగా వస్తాయి. రెండు పండ్లంటే ఒక ఈడు, నాలుగంటే ఒక ఈడు, ఎనిమిదీ వచ్చాయంటే నిండు ఈడు. ఆ తరువాత అవి సాగుతాయి, అరుగుతాయి, ఊడతాయి. ఊడిన గొర్రె ఎండాకాలపు ఎండుగడ్డి కొరకలేదు. దాన్ని ఉంచుకుంటే ఎండిపోయి దొడ్లోనే చస్తుంది. అందుకని ముందే ఏరి కటికాయనకు ఇచ్చేస్తారు. తరతరాల పద్ధతి అది, తప్పు పట్టడానికి లేదు.

ఏరేది ఐలేశమే. గొర్రెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి, ఒక్క చూపు చూసేవాడు. "నాలుగు పండ్లు, ఉండనియ్." "ఎన్మిది, ఉండనియ్." "నోరు పోయింది, జాజు పెట్టు." అంతే. ఆయన పెట్టమన్నాక నుదుటి మీద ఎర్రమట్టి తడిపిన జాజు రాసేవాళ్లు. ఎర్రటి జాజు పడ్డ గొర్రె మళ్లీ మందలో కలవకూడదు. కలిస్తే మిగతావాటికీ ఆ కీడు తగులుతుందని నమ్మకం. ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు ఆ కులంలో ఇంకా పుట్టలేదు. ఆయన చెప్పింది తప్పిపోవడం కూడా అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

కౌసల్య పోయిన మరుసటి ఏడు మందలో జాజు ఎక్కువ పడింది. ఆ తరువాతి ఏడు ఇంకా ఎక్కువ. పండ్లు గోధుమరంగుకు తిరిగి, గుంటలు పడి, ఎగుడుదిగుడుగా అరిగిపోయినవి వరసగా వచ్చాయి. "మంద ముసలిదయింది" అన్నాడు ఐలేశం. పెద్దాయన అన్నాడంటే అయిందన్నమాటే. గోపమ్మ అరణం గొర్రెలు కూడా ఒకటొకటే నోరు పోయిన వరసలోకి చేరాయి. కటిక సోమన్న వచ్చి నిలబడేవాడు. "పలుపు ఇస్తవా చెల్లె?" అని పద్ధతి ప్రకారం అడిగేవాడు. గోపమ్మ "మీ ఇష్టం" అని, పలుపు తీసి అతని చేతిలో పెట్టేది. ఏ గొర్రెను ఇస్తోందో కూడా సరిగా చూసేది కాదు.

అదీ ఆమె చేసిన తప్పు, మొహమాటం లేకుండా చెప్పాలంటే. కన్ను తెరిచి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. కానీ మొద్దుబారిన మనిషికి కన్ను మాత్రం ఎలా తెరుచుకుంటుంది?

విచిత్రం ఏమిటంటే, ముసలివి పోతే మంద బలపడాలి. ఇది చిక్కిపోతోంది. మిగిలినవాటికి నోటినిండా పండ్లున్నాయి కానీ ఈనడం తగ్గింది. కులదైవం బీరప్పకు మొక్కారు. దిష్టి తీశారు. పక్క ఊరివాళ్లు కుళ్లుకున్న కళ్లే తగిలాయని తిట్టుకున్నారు. తొట్టి దగ్గర కొన్ని గొర్రెలు నీళ్లలో మూతి పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకునేవి. మళ్లీ పెట్టేవి, మళ్లీ తీసేవి. నీళ్లు చల్లగా ఉన్నాయని అనుకున్నారే గాని, ఎందుకు గుచ్చుకుంటున్నాయని ఎవరూ అడగలేదు.

కౌసల్య ఉంటే అయిదో ఏడు నడిచే ఏడాది, సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున, గోపమ్మ దొడ్డి ఊడుస్తుంటే చీపురుకు పచ్చి ఉండ ఒకటి తగిలింది. సగం నమిలిన గడ్డి ఉండ. పక్కనే ఇంకొకటి, ఇంకొకటి. తలెత్తి చూస్తే చిన్నబొల్లి నెమరు వేస్తోంది. దవడ ఒక పక్కకే తిరుగుతోంది. చూస్తుండగానే దాని నోట్లోంచి ఉండ జారి కింద పడింది. అది తలవంచి దాన్నే చూసింది, తినలేదు.

గోపమ్మ చీపురు పడేసింది. గొర్రెను పట్టుకుని పెదవి లాగింది. లోపల పండ్లు లేవు, మొదళ్లున్నాయి. గోధుమరంగువి, ఇటుకముక్కల్లా విరిగినవి. దవడ ఎముక కింద చేత్తో తడిమితే గట్టిగా ఒక బుడిపె తగిలింది. గొర్రె విదిలించుకుంది. గోపమ్మ అక్కడే కూలబడింది. నిరుడు, అంతకుముందు ఏడు, ఇలాంటి నోళ్లున్న గొర్రెల పలుపులే తను సోమన్న చేతిలో పెట్టింది. శివరాత్రి ఇంకెంతో దూరం లేదు.

భయం వేసింది. ఇన్నేళ్ల తరువాత మొదటిసారి ఆమెకు ఏదో ఒకటి అనిపించింది, అది భయం.

లేచి వెళ్లి, ఎందుకో తనకే తెలియకుండా, పెద్దబొల్లిని పట్టుకుంది. తల్లి పెదవి లాగి చూసింది. కాస్త సాగాయి గాని తెల్లటి పండ్లు, ఒక్కటీ ఊడలేదు. మళ్లీ బిడ్డ నోరు చూసింది. మళ్లీ తల్లి నోరు చూసింది. పెద్దులు దొడ్డి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు.

"చిన్నబొల్లి నోరు చూసినవా నువ్వు?"

"చూసిన."

"ఎప్పుడు?"

"దసరా అప్పుడే." పెద్దులు కర్ర చివరతో నేల గీకాడు. "చూసి ఏం చేయాలె? శివరాత్రికి పెద్దబాపు చూస్తడు, ఆయన చెప్పినట్టు ఐతది."

"దానికి ఈడెంతో నీకు ఎరుక లేదా?"

పెద్దులు గొంగడి భుజాన వేసుకుని మంద తోలుకుపోయాడు. గోపమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట కూడా కొత్తే.

శివరాత్రి రానే వచ్చింది, పోనే పోయింది. నోళ్లు చూసే రోజున గుట్ట కింద ఎప్పటిలాగే మందలు ఆగాయి. ఐలేశం బండ మీద కూర్చున్నాడు. ఏటికేడూ ఆయన మొహం మాడిపోతోంది, జాజు పెట్టమని చెప్పి చెప్పి ఆయనకూ విసుగొచ్చింది. పక్కనే ఒకడు జాజు ముంత పట్టుకుని నిలబడ్డాడు. కాస్త దూరంలో సోమన్న తలగుడ్డ చుట్టుకుని, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అరణం గొర్రెలున్న ఆడవాళ్లు ఒక పక్కన నిలబడ్డారు. గోపమ్మ వాళ్లకు ముందు నిలబడింది.

చిన్నబొల్లి వంతు వచ్చింది. ఐలేశం మోకాళ్ల మధ్య దాన్ని ఇరికించుకుని పెదవి లాగాడు. "నోరు పోయింది. ఎన్మిదేండ్లకు తక్కువుండదు. జాజు పెట్టు."

"పెట్టొద్దు" అంది గోపమ్మ.

జాజు ముంత ఆగిపోయింది. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ మనిషి గొంతు విని ఎన్నాళ్లయిందో వాళ్లకు గుర్తు లేదు, విన్నది కూడా ఇటువంటి మాట!

"ఏంది బిడ్డా?" అన్నాడు ఐలేశం, కోపంగా కాదు.

"దానికి ఎన్మిదేండ్లు లెవ్వు మామా. ఐదు గూడ నిండలె."

ఆయన నవ్వాడు. "నువ్వు యాది మర్చినవు. నోరు నా చేతిలనే ఉన్నది, నేను చూస్తనే ఉన్న గదా."

"నేను మర్వలె. కౌసల్య పుట్టిన నాడు పుట్టింది గది."

అనేసింది. ఆ పేరు అంతమందిలో పైకి అనేసరికి ఆమె నాలుక తడబడింది. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐలేశం గొర్రె పెదవి వదిలి పెద్దులు వైపు తిరిగాడు. "ఏందిరా? నీ పెండ్లాం చెప్పేది నిజమేనా?"

పెద్దులు తల వంచుకుని ఉన్నాడు. గోపమ్మ అతని వైపు తిరిగింది. ఈయన ఏమంటాడు? పెద్దాయన మాటకే తలూపితే? బిడ్డ పుట్టిన నాడే ఈయనకు గుర్తు లేకపోతే?

"నిజమే పెద్దబాపు" అన్నాడు పెద్దులు. "గా పొద్దున రెండు పురుళ్లు. మిరుగం నాడు. నేనే రెండిట్ల తిరిగిన."

"మరి నిరుడే చెప్పొచ్చు గదరా? నిరుడు మీ మందల గిసొంటియి ఎన్ని పంపిన నేను!"

"నీ మాటకు నేను ఎదురు చెప్తనా? చెప్పాల్నంటె..." పెద్దులు కర్రను నేలకు ఆనించాడు. "చెప్పాల్నంటె బిడ్డ పేరు ఎత్తాలె గద, పెద్దబాపు."

గోపమ్మ మొగుణ్ని చూసింది. ఇన్నేళ్లూ ఈయన కూడా పొద్దున్నే దొడ్డి గుమ్మంలో నిలబడి ఆ గొర్రెనే చూసేవాడని అప్పుడు తట్టింది ఆమెకు. ఇద్దరూ ఒకే గొర్రెను, ఒకరికి తెలియకుండా ఒకరు. గోపమ్మ పెద్దబొల్లిని మందలోంచి ఈడ్చుకొచ్చి ఐలేశం ముందు నిలబెట్టింది. "దీని నోరు చూడు మామా."

ఆయన చూశాడు. "మంచిగున్నది. ఆరేండ్లు ఉంటయేమో. ఇంక రెండు ఈతలు ఈనుతది."

"గిది దాని తల్లి. నా అరణం గొర్రె కన్నది. తల్లి కంటె బిడ్డ ముసలిదయిందా మామా?"

ఐలేశం వేళ్లు పెద్దబొల్లి నోట్లోనే ఉండిపోయాయి. ఆ తరువాత గుంపులోంచి ఒకాయన మెల్లగా, నిరుడు తను పంపిన గొర్రె తమ్ముడి పెళ్లి ఏడు పుట్టిందని, తనకూ అనుమానమేనని అన్నాడు. ఇంకొకాయన బావి తవ్విన మరుసటి ఏడు పుట్టిన గొర్రె సంగతి ఎత్తాడు. అందరికీ తెలుసు! ప్రతి ఒక్కడికీ తన గొర్రె ఈడు తెలుసు. పెద్దాయన చెప్పాక మన గుర్తు ఎంత అని ఎవడికి వాడు నోరు మూసుకున్నాడు.

"సోమన్నా" అన్నాడు ఐలేశం. "నువ్వు కోసినవు గద. నీకు ఎరుకేనా?"

సోమన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కత్తి పెట్టినంక తెలుస్తది పటేలా. బొక్క లేత. కూర లేత. ముసలియని మీరిస్తిరి. ఏదో అక్కెర ఉండి అమ్ముకుంటున్నరు, నేనడుగుడు మంచిగుండదనుకున్న."

ఐలేశం తన బొటనవేలినే చూసుకున్నాడు. ముసలివని చెప్పి ఈనే గొర్రెలను కత్తికి పంపాడు, ఈనలేనివాటిని పండ్లున్నాయని మందలో ఉంచాడు. రెండేళ్లుగా అదే చేశాడు. లేచి నిలబడ్డాక ఆయన మనిషి కుంగిపోయి కనిపించాడు.

"ఒప్పుకుంటున్న బిడ్డా" అన్నాడు గోపమ్మతో. "దాని ఈడు చిన్నదే. కాని పండ్లయితే లెవ్వు గదా. ఎండకాలం ఏం తింటది?"

"నేను తినబెడత."

ఐలేశం జాజు ముంతను బోర్లించి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ నోళ్లు చూడలేదు.

బావి రాకముందు పుట్టినవాటికి పండ్లున్నాయి, వచ్చాక పుట్టినవాటికి పోయాయి. ఈ లెక్క తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పెద్దమనుషులు కూర్చుని, గొర్రెలను ఆ తొట్టి దగ్గరికి తోలొద్దని, ఎంత దూరమైనా వాగుకే తోలాలని తీర్మానించారు. మరి మనుషులు? మనుషులు అదే బావి నీళ్లు తోడుకుని, అదే తాగి, చల్లగా ఉన్నాయని మెచ్చుకున్నారు. బావి తవ్విన ఏడు పుట్టిన పిల్లలకు కొత్త పండ్లు పసుప్పచ్చగా వస్తుంటే, వేపపుల్ల సరిగా వేయడం లేదని వీపు మీద నాలుగు తగిలించారు. మనుషుల నోళ్లు చూసే రోజు ఏ కులంలోనూ లేదు. గోపమ్మ ఒక్కతే కడవ నెత్తిన పెట్టుకుని వాగుకు పోయేది. వెర్రిది అన్నారు, ఎప్పుడూ అనేదే కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. గోపమ్మ చిన్నబొల్లిని మందలోకి పంపలేదు. జొన్నలు నానబెట్టి రుబ్బి పెట్టింది. గట్క వేళ్లతో మెదిపి, నాలుక మీద పెట్టింది. పెద్దులు పొద్దున్నే లేత మండలు విరుచుకొచ్చి, ముసలివాళ్లకు ఆకు దంచినట్టు రోట్లో దంచి ఇచ్చేవాడు. ఇద్దరూ చెరో పక్కన కూర్చునేవాళ్లు. "తిను బిడ్డా, జర తిను" అని గోపమ్మ అంటుంటే పెద్దులు అటువైపు తిరిగేవాడు. చాలా ఏళ్లకు ఆ ఇంట్లో మాటలు వినిపించాయి, అవి గొర్రెతో మాట్లాడే మాటలే అయినా.

చైత్రం గడిచింది. రోహిణి కార్తె ఎండలకు దవడ కింది బుడిపె పెద్దదై, పగిలి, చీము కారింది. వేపాకు ఉడకబెట్టి కడిగింది గోపమ్మ. పసుపు అద్దింది. గట్క కూడా మింగలేక బయటికి తోసేసేది గొర్రె. ముందుకాళ్లు బిగుసుకుపోయాయి. చివరికి నీళ్లు ముట్టడం మానేసింది. గిన్నె దగ్గరికి మూతి తీసుకెళ్లి, ముట్టకుండా అక్కడే నిలబడి వణికేది.

ఆ నిలబడటం గోపమ్మ చూడలేకపోయింది. కౌసల్య చివరి రెండు రోజులూ ఇంతే. నోరంతా పుండ్లు పడి, దాహంతో చెయ్యి చాపేది, నీళ్లు పెదవికి తగలగానే కెవ్వుమనేది. తడిగుడ్డ పెట్టుకుని కూర్చోవడం తప్ప తల్లి ఏమీ చేయలేకపోయింది. ఆ రెండు రోజులు ఎప్పటికి గడుస్తాయా అని, పోతే పోనీ అని, ఒక్కసారి మనసులో అనుకుంది కూడా. ఏడుపు అప్పుడే గడ్డకట్టిపోయింది. ఇప్పుడు మళ్లీ ఆ రెండు రోజులు కూర్చోవడం తన వల్ల కాదు.

"సోమన్నను పిలువు" అంది మొగుడితో.

పెద్దులు ఆమె మొహంలోకి చూశాడు. "దొడ్లనే పోనిద్దాం. గుట్ట కింద బొంద పెడత."

"వద్దు. నీళ్లు లేక చావొద్దు గది. పిలువు."

మరునాడు పొద్దున్నే సోమన్న వచ్చాడు. జాజు లేదు, గుంపు లేదు. పద్ధతి ప్రకారం అడగడానికి అతనికి నోరు రాలేదు. చెయ్యి మాత్రం చాపాడు. గోపమ్మ చిన్నబొల్లి మెడలోని పలుపు విప్పి, చివర అతని చేతిలో పెట్టింది. పెట్టి, తన వైపు కొస వదల్లేదు.

"ఇంక ఇయ్యి చెల్లె. నువ్వు లోపటికి పో" అన్నాడు సోమన్న.

"కూర పోగులు పెట్టి అమ్ముతవు గద అన్నా. ఈడెంత అని అడుగుతరు గద?"

"అడుగుతరు."

"ముసలిదని చెప్పకు. అగ్గువకు పోయినా సరే, ఊకెనే ఇచ్చినా సరే, ముసలిదని మాత్రం చెప్పకు. ఐదేండ్లు గూడ నిండలేదని చెప్పు."

"గట్లనే చెప్త."

"అందరికీ చెప్పాలె."

"అందరికీ చెప్త చెల్లె."

గోపమ్మ పలుపు వదిలింది. గొర్రె బిగుసుకున్న కాళ్లతో నాలుగడుగులు వేసి ఆగింది. సోమన్న తొందరపెట్టకుండా అక్కడే నిలబడ్డాడు.

"మిరుగానికి నిండుతుండె" అన్నాడు పెద్దులు, వెనక నుంచి.